క్యాంపర్ వ్యాన్‌లోకి ఏ గ్యాస్ బండ? పచ్చ డబ్బా నుంచి ఇరవై పౌండ్ల దాకా

అమెరికాలో మనవాళ్లు ఈ మధ్య పాత ఫోర్డ్ ట్రాన్సిటో, రామ్ ప్రోమాస్టరో కొని, లోపల మంచం, చిన్న వంటగట్టు బిగించుకుని తిరుగుతున్నారు. మేమూ అదే పని చేశాం. ఉండేది శాక్రమెంటోలో కాబట్టి శుక్రవారం సాయంత్రం బయల్దేరితే రాత్రికి టాహోలోనో, యోసెమిటీ దారిలోనో ఉంటాం. నలుగురు కలిసినప్పుడు వ్యాన్ సంగతి వస్తే అందరూ అడిగేది ఒకటే: "ప్రొపేన్ సిలిండర్ ఎంతది తీసుకోవాలి?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "రాత్రి మీరు పడుకున్నప్పుడు ఆ బండ ఎక్కడుంటుంది?" చాలామంది దీని గురించి ఆలోచించి ఉండరు. కొందరు ధీమాగా "మంచం కింద" అంటారు.

ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నీళ్లలా కిందికి జారి నేలమీద పరుచుకుంటుంది. ఇంట్లో అయితే వంటింటికి కిటికీ, తలుపు, పక్కన హాలు ఉంటాయి. వ్యాన్ అంటే చుట్టూ రేకు, చలికి సందులన్నీ మూసేసిన పెట్టె. ఒక లెక్క చెప్తాను. మా వ్యాన్ వెనకభాగం సుమారు 10 ఘనమీటర్లు. గాలిలో ప్రొపేన్ 2.1 శాతం నుంచి 9.5 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. క్యాంపింగ్ పొయ్యికి తగిలించే చిన్న పచ్చ డబ్బాలో ఉండేది 465 గ్రాములు. అదంతా బయటికొస్తే దాదాపు పావు ఘనమీటరు గ్యాస్ అవుతుంది. వ్యాన్ అంతటా సమానంగా కలిసినా రెండున్నర శాతానికి దగ్గర. నిజానికి సమానంగా కలవదు, కిందే చేరుతుంది కాబట్టి అంతకంటే తక్కువే చాలు. "చిన్నదే కదా, ఏం కాదులే" అనుకునే డబ్బా సంగతి ఇది.

వాసన వస్తుంది కదా అంటారు. గ్యాస్‌కి సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని మెర్కాప్టన్ అనే కంపుకొట్టే పదార్థం కలుపుతారు. మెలకువగా ఉన్న మనిషికి అది పనికొస్తుంది, గాఢనిద్రలో ఉన్నవాడిని లేపుతుందన్న నమ్మకం లేదు. ఇక్కడ ఆర్‌వీల (లోపలే వండుకుని పడుకునే ఇంటి బండ్ల) తయారీకి ఎన్‌ఎఫ్‌పీఏ 1192 అనే ప్రమాణం ఉంది. అందులో బండ గురించి చెప్పేది టూకీగా ఇంతే: అది బండికి బయట ఉండాలి, లేదా మనుషులుండే చోటికి గాలి చొరబడకుండా, బయటికి మాత్రమే గాలి పోయేలా కట్టిన అరలో ఉండాలి. సొంతంగా కట్టుకున్న వ్యాన్‌ని ఎవరూ వచ్చి తనిఖీ చేయకపోవచ్చు. అయినా నేను దీన్నే పట్టుకుంటాను. కింద చెప్పేదంతా ఈ లెక్కమీదే.

మీకు నిజంగా ఎంత గ్యాస్ కావాలి

ఇండియాలో ఇంటికొచ్చే ఎర్ర బండలో 14.2 కిలోలుంటాయి. నలుగురున్న ఇంట్లో అది నెలన్నర వస్తే రోజుకు 315 గ్రాములు ఖర్చయినట్టు. వ్యాన్‌లో ఇద్దరికి ఎంతవుతుందో నేను తూచి చూశాను. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు ప్రతి తెలుగింట్లోనూ ఉంటుంది, దానికే బండను తగిలించాను. పొద్దున కాఫీ, ఉప్మా. సాయంత్రం అన్నం, పప్పు, ఒక వేపుడు. నాలుగు రోజులకు 600 గ్రాములు తగ్గింది, అంటే రోజుకు 150. కుక్కర్ వాడితేనే సుమా. యోసెమిటీలో ట్యోలమీ మెడోస్ 8,600 అడుగుల ఎత్తు. అక్కడ నీళ్లు 91 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో కందిపప్పు పెడితే గంట ఉడికినా గింజ గింజలాగే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది.

ఈ లెక్కన 1 పౌండు పచ్చ డబ్బా మూడు రోజులు, 5 పౌండ్లది పదిహేను రోజులు, 11 పౌండ్లది నెల, 20 పౌండ్లది రెండు నెలలు వస్తాయి. వారాంతపు ప్రయాణాలు చేసేవాళ్లకి వంట కోసం పెద్ద బండ అక్కర్లేదని ఇక్కడే తేలిపోతుంది. లెక్క తలకిందులయ్యేది హీటర్ దగ్గర. దాని సంగతి తర్వాత చెప్తాను.

పచ్చ డబ్బా

క్యాంపింగ్ సామాను అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది, పొయ్యికి నేరుగా మర బిగించి వాడేసుకోవడమే. ఒక్కటి ఐదారు డాలర్లు. అదే 20 పౌండ్ల బండ నింపించుకుంటే ఊరిని బట్టి ఇరవై డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. కిలో లెక్కన చూస్తే పచ్చ డబ్బాలో గ్యాస్ ఐదారు రెట్లు ఖరీదు. డబ్బులు పక్కన పెట్టినా నాకు దీంతో మూడు పేచీలున్నాయి.

మొదటిది, మళ్లీ నింపడానికి చేసిన డబ్బా కాదు ఇది. పెద్ద బండనుంచి దీంట్లోకి ఎక్కించుకునే ఇత్తడి అడాప్టర్లు అమ్ముతారు, వీడియోలూ చూపిస్తారు. కానీ ఇలాంటి డబ్బాని నింపి రవాణా చేస్తే 5 లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు అని డబ్బా మీదే అచ్చేసి ఉంటుంది. ఖాళీ అయ్యాక చెత్తలో వేయడానికీ లేదు, పార్కుల్లో వీటికోసం విడిగా పెట్టిన డబ్బాలు వెతుక్కోవాలి. ఈ గొడవ పడలేకే కాలిఫోర్నియా 2022లో ఎస్‌బీ 1256 అనే చట్టం చేసింది. 2028 జనవరి 1 నుంచి ఈ రాష్ట్రంలో వాడి పారేసే 1 పౌండు డబ్బాలు అమ్మకూడదు. ఇప్పుడు కొత్తగా పొయ్యి, పైపులు కొనుక్కునేవాళ్లు ఆ తేదీని మనసులో పెట్టుకోవాలి.

రెండోది ఎండ. 49 డిగ్రీల కంటే వేడి తగిలేచోట పెట్టొద్దని డబ్బా మీద ఉంటుంది. జులైలో శాక్రమెంటో ఎండలో తలుపులేసి నిలబెట్టిన వ్యాన్ లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. పొరపాటున అరలో నాలుగు డబ్బాలు మరిచిపోయి ఆఫీసుకెళ్లిపోవడం నాకు తెలిసినవాళ్లలో ఇద్దరు చేశారు.

మూడోది నాకే జరిగింది. వ్యాన్ కొన్న కొత్తలో లోన్ పైన్ దగ్గర ఒక రాత్రి ఆగాం. వంటయ్యాక సగం వాడిన డబ్బాని పొయ్యినుంచి విప్పి, సొరుగులో పెట్టి పడుకున్నాం. తెల్లవారి ఐదింటికి మా ఆవిడ లేచి, "గుడ్డు కుళ్లిన వాసన వస్తోంది, నిన్నటి గుడ్లు పారేయలేదా" అంది. గుడ్లు మేం కొననే లేదు. లైట్ స్విచ్ కూడా ముట్టుకోకుండా రెండు తలుపులూ తెరిచి, డబ్బా తీసుకెళ్లి దూరంగా ఇసకలో పెట్టాను. తెల్లారాక గిన్నెలు తోమే సబ్బునీళ్లు దాని మూతిమీద పోస్తే, చిన్నపిల్లలు ఊదే బుడగల్లా ఒకదాని తర్వాత ఒకటి. విప్పినప్పుడు లోపలి వాల్వ్ పూర్తిగా వెనక్కి రాలేదన్నమాట. తర్వాత తెలిసింది, వీటికి రబ్బరు రింగుతో ఇత్తడి మూతలు విడిగా దొరుకుతాయని. సగం వాడిన డబ్బా ఉంటే ఆ మూత బిగించి, బయట పెట్టాలి.

ఇన్ని చెప్పినా, వ్యాన్‌ని రెండు రోజులకు అద్దెకు తీసుకుని, పిక్నిక్ బల్లమీద వండుకుని తిరిగిచ్చేసేవాళ్లకి పచ్చ డబ్బానే సుఖం. బండ కొని దాచుకునే బాధ లేదు. ఇదే సైజులో మళ్లీ నింపుకునే రకం కూడా ఉంది. మంచిదే, కానీ నింపేవాళ్లు దొరకడం కష్టం, మనమే నింపుకోవాలంటే పక్కన పెద్ద బండ ఉండాలి. అలాంటప్పుడు ఆ పెద్ద బండే వాడుకోవచ్చు కదా అన్నది నా మాట.

ఐదు పౌండ్లది: నేను వాడేది

అంటే 2.27 కిలోలు. ఎనిమిదంగుళాల వెడల్పు, అడుగు ఎత్తు. మరచెంబుని పెద్దది చేసినట్టుంటుంది, ఒంటిచేత్తో ఎత్తొచ్చు. పెద్ద బండకుండే వాల్వే దీనికీ ఉంటుంది, పైన మూడు మూలల పిడి. ఆ మూడు మూలల పిడి ఉందంటే లోపల ఓపీడీ, అంటే ఎక్కువ నిండకుండా ఆపే బెండు లాంటిది ఉందని గుర్తు. 2002 ఏప్రిల్ నుంచి అది లేని చిన్న బండలను ఇక్కడ నింపడం లేదు. ఎండకు ద్రవం ఉబ్బుతుంది కాబట్టి ఐదో వంతు ఖాళీ వదలాలి, ఆ పని అది చూసుకుంటుంది.

చలిలో పచ్చ డబ్బా కంటే ఇది చాలా నయం. ప్రొపేన్ సున్నాకి కింద 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది కాబట్టి టాహో చలి దానికో లెక్క కాదు. ఇబ్బంది వేరే ఉంది. ఆవిరయ్యేకొద్దీ డబ్బా తనే చల్లబడుతుంది. పచ్చ డబ్బా చిన్నది, బయటినుంచి వేడి తీసుకునే ఒళ్లు తక్కువ. మంచు కురిసిన పొద్దున రెండు పొయ్యిలూ వెలిగిస్తే పది నిమిషాలకే డబ్బా చుట్టూ తెల్లగా పేరుకుంటుంది, మంట దీపంలా అయిపోతుంది. ఐదు పౌండ్లదానికి ఈ నీరసం బాగా తక్కువ.

లోపాలూ చెప్పాలి. విచిత్రమేంటంటే కొత్త 5 పౌండ్ల బండ కొత్త 20 పౌండ్లదానికంటే ఖరీదుగా ఉంటుంది చాలాచోట్ల. షాపుల ముందు బోనుల్లో పెట్టి ఖాళీ తీసుకుని నిండుది ఇచ్చే ఎక్స్ఛేంజ్ దీనికి లేదు, నింపించుకోవాల్సిందే. దీంట్లో పట్టేది 1.2 గ్యాలన్లు. గ్యాలన్ లెక్కన తీసుకునేచోట నాలుగైదు డాలర్లలో పనైపోతుంది, కానీ కొన్నిచోట్ల బండకింత అని తీసుకుంటారు. హైవే 395 మీద ఒక చిన్న ఊళ్లో ఒకాయన 20 పౌండ్లకు తీసుకునే రేటే మా బుల్లి బండకూ తీసుకున్నాడు. గ్యాలనా, బండా అని ముందే అడగాలని అప్పుడు తెలిసింది.

11 పౌండ్లది 5 కిలోలు, ఇండియాలో ఛోటూ సిలిండర్‌తో సమానం. చుట్టుకొలత 20 పౌండ్లదానంత ఉండి ఎత్తు తక్కువ, పొట్టిగా దిట్టంగా కూర్చుంటుంది, మలుపుల్లో దొర్లదు. నెలల తరబడి తిరిగేవాళ్లకి, నలుగురికి వండేవాళ్లకి ఇది మంచి బేరం. వెడల్పుకు తగిన చోటుంటే.

ఇరవై పౌండ్లది

బార్బెక్యూ కింద అందరిళ్లలో ఉండేది. 9 కిలోల గ్యాస్, ఖాళీ బండ ఏడున్నర కిలోల పైన, నిండితే పదిహేడు కిలోల దగ్గర. ఎక్కడైనా దొరుకుతుంది, అర్ధరాత్రి కూడా ఎక్స్ఛేంజ్ చేసుకోవచ్చు. అయితే ఎక్స్ఛేంజ్ బండలో సాధారణంగా 20 కాదు, 15 పౌండ్లే నింపుతారు. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. అందుకని నింపించుకునే వీలుంటే అదే లాభం. ఒక్క సందర్భంలో ఎక్స్ఛేంజే మేలు: మీ బండ గడువు తీరిపోయినప్పుడు.

ఈ గడువు గురించి ఒక మాట. ఇండియాలో బండ మెడ చుట్టూ ఉండే పట్టీల మీద బి-27 అని ఉంటే 2027 ఏప్రిల్–జూన్ లోపు పరీక్ష చేయించాలని అర్థం. అమెరికాలో తిరకాసు ఏంటంటే, మెడమీద చెక్కి ఉండేది తయారైన నెల, సంవత్సరం. అక్కణ్నుంచి పన్నెండేళ్లు లెక్కపెట్టుకోవాలి. అది దాటితే మళ్లీ పరీక్ష చేసి ముద్ర వేస్తే తప్ప నింపరు. గ్యారేజ్ సేల్‌లో ఐదు డాలర్లకు బండ దొరికిందని సంబరపడే ముందు ఆ మెడ చూడండి. టీడబ్ల్యూ అని ఉన్న అంకె ఖాళీ బండ బరువు, పౌండ్లలో. తూచి అది తీసేస్తే మిగిలింది గ్యాస్. పక్కనే డబ్ల్యూసీ 47.6 అని ఉంటే అది నీళ్లు పట్టే బరువు. దాన్ని 0.42తో గుణిస్తే 20 పౌండ్లు వస్తుంది చూడండి.

ఇంత సులువుగా దొరికేదాన్ని ఎందుకు వద్దంటున్నానంటే, వ్యాన్‌లో దీనికి సరైన చోటు దొరకడం కష్టం. అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు, నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవం పైపులోకి వస్తుంది, పొయ్యి దగ్గర మంట ఒక్కసారిగా లేస్తుంది. లోపల అర కడదామంటే సగం వంటగట్టు అదే తినేస్తుంది. వెనక బంపర్‌కి తగిలించుకున్నవాళ్లను చూశాను. వెనకనుంచి ఎవడైనా గుద్దితే మొదట తగిలేది ఆ బండకే, నాకది మింగుడుపడదు. పైకప్పుమీద పెడితే ప్రతిసారీ పదిహేడు కిలోలు నెత్తికెత్తుకుని నిచ్చెన ఎక్కాలి.

తూర్పు వైపు ఉండేవాళ్లకి ఇంకో చిక్కుంది. వర్జీనియానుంచి న్యూజెర్సీకి మనవాళ్లు ఎన్నిసార్లు ఐ-95 మీద పోయివస్తుంటారో చెప్పక్కర్లేదు. దారిలో బాల్టిమోర్ దగ్గర ఫోర్ట్ మెక్‌హెన్రీ టన్నెల్, పక్కన ఐ-895 మీద హార్బర్ టన్నెల్. రెండింట్లోనూ ఒక్కో బండ 10 పౌండ్లకు మించితే ప్రొపేన్‌తో పోకూడదు. ఒకప్పుడు ఇలాంటి బండ్లు కీ బ్రిడ్జి మీదుగా పోయేవి. 2024 మార్చి 26న ఓడ గుద్ది అది కూలిపోయింది. ఇప్పుడు ఐ-695 మీద పడమటి వైపునుంచి ఊరంతా చుట్టి రావాలి. 5 పౌండ్ల బండకు ఈ బెడద లేదు. మిగతా టన్నెళ్లకూ, ఫెర్రీలకూ వేరే వేరే నిబంధనలున్నాయి. బయల్దేరే ముందు చూసుకోండి, ఎక్కడైనా వాల్వ్ మాత్రం కట్టేసి ఉంచండి.

వ్యాన్ కింద చట్రానికి శాశ్వతంగా బిగించే ట్యాంకులు కూడా ఉన్నాయి. చోటు సమస్యకి అదే అసలైన పరిష్కారం, గ్యాస్ ఎప్పుడూ బయటే. కానీ ఖర్చు ఎక్కువ, అనుభవమున్నవాళ్ల చేతే బిగించుకోవాలి, నింపాలంటే బండినే ట్రక్కు దగ్గరికో బంకు దగ్గరికో తీసుకెళ్లాలి. వ్యాన్‌లోనే కాపురం పెట్టేవాళ్లు చూసుకోవాల్సిన రకం అది, మనలాంటి శనాదివారాల సంచారులు కాదు.

బ్యూటేన్, కరెంటు

ఏషియన్ గ్రాసరీల్లో దొరికే చదునైన పొయ్యి, దాని పక్కన అడ్డంగా పెట్టే 227 గ్రాముల బ్యూటేన్ డబ్బా చవక. వేసవిలో బాగా పనిచేస్తుంది, దోసెలు కూడా వేశాం. కానీ బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ఇండియాలో వంటగ్యాస్‌లో బ్యూటేన్ పాలు ఎక్కువే, మన వేడికి అది నడిచిపోతుంది. నవంబరులో మామత్ లేక్స్‌లో పొద్దున్నే కాఫీ పెట్టాలంటే మాత్రం డబ్బాని దుప్పట్లో పెట్టుకుని పడుకోవాలి. అది నేను చేయను.

ఇండక్షన్ పెట్టుకుంటే గ్యాస్ గొడవే లేదు కదా? లేదు నిజమే. లెక్క చూద్దాం. 1 పౌండు ప్రొపేన్‌లో 21,500 బీటీయూల వేడి, అంటే 6.3 యూనిట్ల కరెంటుతో సమానం. 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1.28 యూనిట్లు. గ్యాస్ మంటలో సగానికి పైగా గాలికి పోతుంది, ఇండక్షన్‌లో పోయేది తక్కువ. ఆ తేడా తీసేసినా ఒక పచ్చ డబ్బా పని చేయడానికి రెండు మూడు అలాంటి బ్యాటరీలు కావాలి. ఇప్పటికే పైన సోలార్ పలకలు, లోపల పెద్ద బ్యాటరీ ఉన్నవాళ్లయితే గ్యాస్ జోలికి పోనక్కర్లేదు, అంతకంటే నిశ్చింత లేదు. ఆ ఖర్చు కొత్తగా పెట్టాలంటే ఎన్ని బండలు నింపించుకోవచ్చో లెక్కేసుకోండి.

హీటర్ వెలిగించే ముందు

చాలామంది పెద్ద బండ కొనడానికి అసలు కారణం చలి. డబ్బాకి తగిలించే ఎర్రగా వెలిగే చిన్న హీటర్ తక్కువ మంటలో గంటకు 4,000 బీటీయూలు తాగుతుంది. ఎనిమిది గంటల రాత్రికి ఒకటిన్నర పౌండ్లు. ఇద్దరికి నాలుగు రోజుల వంటకంటే ఎక్కువ గ్యాస్ ఒక్క రాత్రికే పోతుంది. పోనీ అనుకుంటే, ప్రొపేన్ మండితే కిలోకి 1.6 కిలోల నీటి ఆవిరి వస్తుంది. ఒక్క రాత్రిలో లీటరుకి పైగా నీళ్లు వ్యాన్ గాలిలోకి. తెల్లారేసరికి కిటికీలు కారుతుంటాయి, పరుపు అడుగు తడి, నెల తిరిగేసరికి గోడల వెనక బూజు. అన్నిటికంటే ముఖ్యం, మూసిన చోట ప్రాణవాయువు తగ్గడం, కార్బన్ మోనాక్సైడ్. ఆక్సిజన్ తగ్గితే ఆరిపోయే ఏర్పాటు ఈ హీటర్లలో ఉంటుంది. అందుకే 7,000 అడుగులు దాటితే కొన్ని మధ్యమధ్యలో ఆరిపోతుంటాయి కూడా. పడుకునే ముందు పది నిమిషాలు, కిటికీ తెరిచి, మెలకువగా. అంతకుమించి నేను ఒప్పుకోను.

రాత్రంతా వెచ్చగా ఉండాలంటే పొగ, ఆవిరి బయటికి వదిలే హీటర్ కావాలి. ప్రొపేన్‌తో నడిచేవి ఉన్నాయి, బండి ట్యాంకులోని పెట్రోలుతోనో డీజిలుతోనో నడిచేవీ ఉన్నాయి. నా ఓటు రెండోదానికి. ఎలాగూ ట్యాంకు నింపుకుంటాం కదా, గ్యాస్‌ని వంటకే ఉంచేయొచ్చు. అప్పుడు 5 పౌండ్లు చాలు.

అర, పైపు, సబ్బునీళ్లు

మా బండ వెనక తలుపు పక్కన ఒక అల్యూమినియం పెట్టెలో ఉంటుంది. మూత పైన, దాని అంచున రబ్బరు పట్టీ. పెట్టె అడుగున రెండంగుళాల రంధ్రం, అక్కణ్నుంచి గొట్టం వ్యాన్ నేలగుండా కిందికి, సైలెన్సర్‌కి దూరంగా. లీకైన గ్యాస్ ఎక్కడా ఆగకుండా జారిపోవాలి కాబట్టి గొట్టంలో పైకి లేచే మలుపు ఉండకూడదు. అంతా అయ్యాక ఎలా పరీక్షించాలో తోచలేదు. బండ తీసి దూరంగా బయట పెట్టి, ఖాళీ పెట్టెలో రెండు అగరుబత్తులు వెలిగించి మూత వేశాను. ఐదు నిమిషాలకు వ్యాన్‌లో గుడిలో ఉన్నట్టు గుమాయించింది. పొయ్యికి పోయే పైపు పెట్టెలోంచి బయటికొచ్చేచోట సన్నటి సందు మిగిలిపోయింది. సీలెంట్ పూసి, ఒక రోజు ఆరనిచ్చి, మళ్లీ రెండు అగరుబత్తులు. ఈసారి వాసన వ్యాన్ కింద మాత్రమే.

పైపు కొనేటప్పుడు చాలామంది బోల్తా పడేది ఇక్కడ. పచ్చ డబ్బాకి తగిలించే క్యాంపింగ్ పొయ్యికి రెగ్యులేటర్ దాని దగ్గరే ఉంటుంది, బండలోని ఒత్తిడి నేరుగా దాని దాకా రావాలి. అందుకని 5 పౌండ్ల బండనుంచి దానికి రెగ్యులేటర్ లేని అడాప్టర్ పైపు వేయాలి. గట్టులో దించి బిగించే ఆర్‌వీ పొయ్యి అలా కాదు, దానికి 11 అంగుళాల నీటిమట్టమంత స్వల్ప ఒత్తిడే ఇవ్వాలి, బండ దగ్గరే రెగ్యులేటర్ తప్పనిసరి. మొదటిదానికి రెగ్యులేటర్ పైపు వేస్తే మంట మిణుకుమిణుకుమంటుంది, అంతే. రెండోదానికి రెగ్యులేటర్ లేకుండా వేస్తే ప్రమాదం. మన ఇండియా రెగ్యులేటర్ సూట్‌కేసులో తెచ్చుకుందామా అని ఒకరు అడిగారు. వాల్వే వేరు, కూర్చోదు.

బండ వాల్వ్‌ని నెమ్మదిగా తిప్పండి. ఒక్కసారిగా తెరిస్తే పైపు తెగిందేమోననుకుని లోపలి రక్షణ బిళ్ల గ్యాస్‌ని బిగబట్టేస్తుంది, మంట నీరసంగా వస్తుంది. "బండ నిండుగానే ఉంది, పొయ్యి పాడైపోయింది" అని నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. అంతా కట్టేసి, ఒక నిమిషం ఆగి, మెల్లగా తిప్పితే సర్దుకుంటుంది. బండ మార్చిన ప్రతిసారీ అన్ని అతుకుల మీదా సబ్బునీళ్లు పోయండి. గ్యాస్ డిటెక్టర్ నేలకు దగ్గరగా, కార్బన్ మోనాక్సైడ్‌ది పడుకునే తల ఎత్తున. రెండూ కలిసి ఒకే డబ్బాలో వచ్చేవి కొంటే రెండింట్లో ఒకటి తప్పుచోట ఉండే అవకాశం ఉంది, నేను విడివిడిగా పెట్టుకున్నాను. వాటికీ ఎక్స్‌పైరీ ఉంటుంది, వెనక తిప్పి చూడండి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి

వ్యాన్‌లో చోటు కుదిరిందనుకుంటే ఇంకో రాత్రి లెక్క మిగిలి ఉంది, వ్యాన్ కదలని రాత్రులది. డిసెంబరు, జనవరి నెలల్లో బండి పార్కింగ్‌లోనే ఉంటుంది. బండను ఇంట్లో పెట్టకూడదు. బాల్కనీలో పెడదామంటే చాలా కాంప్లెక్సులు 1 పౌండు డబ్బాకి మించి ఒప్పుకోవు, లీజు కాగితాల్లో చూడండి. అద్దె గోదాముల్లోనూ గ్యాస్ పెట్టనివ్వరు. కొనబోయేముందు ఇది తేల్చుకోండి. మా బండ ఆ రెండు నెలలూ సొంత ఇల్లున్న స్నేహితుడి పెరట్లో, రేకు నీడ కింద, వాల్వ్‌కి ప్లాస్టిక్ బిరడా పెట్టుకుని నిలబడి ఉంటుంది. బదులుగా వాళ్ల బార్బెక్యూలో గ్యాస్ అయిపోయినప్పుడు అడక్కుండానే తీసుకుని వాడేస్తారు. ఫిబ్రవరిలో తెచ్చుకున్నప్పుడు మొదట కొక్కెం త్రాసుకి తగిలిస్తాను.